గ్రనడా మంత్రి ఇబ్నుల్ ఖతీబ్

యూరపు ఖండమునకు నైరృతి దిక్కున స్పెయిను దేశము కలదు. క్రీ. శ. 711వ సంవత్సరమున ఆఫ్రికా నుండి జలసంధిని దాటి వచ్చిన ముస్లిములు ఆ దేశములో చాల భాగమును జయించి, దానిని అందలూస్ అను పేరుతో పెక్కు శతాబ్దములు పాలించిరి. కాలక్రమమున ఉత్తరము నుండి క్రైస్తవ రాజులు ఒక్కొక్క పట్టణమునే గెలుచుకొనుచు రాగా, 1236లో కార్డోవాయు, 1248లో సెవిల్లును వారికి వశమయ్యెను. తుదకు మిగిలినది దక్షిణమున కొండల నడుమ నున్న గ్రనడా రాజ్యమొక్కటియే. నస్రీ వంశపు సుల్తానులు ఆ చిన్న రాజ్యమును 1492వ సంవత్సరము వరకు నిలుపుకొనగలిగిరి. ఒకవైపున కాస్టీలు రాజులు, వేరొకవైపున సముద్రమున కావల మొరాకో నేలుచున్న మరీనీ సుల్తానులు. ఈ యిరువురి నడుమ గ్రనడా రాజ్యము అడకత్తెరలోని పోకచెక్కవలె నుండెను.

అట్టి చిక్కు కాలమున ఆ రాజ్యమునకు మంత్రియై, పగలెల్ల రాచకార్యములు నడపుచు, రాత్రులెల్ల గ్రంథములు వ్రాయుచు బ్రతికిన పండితుడొకడు కలడు. ఆయన పేరు ముహమ్మద్ ఇబ్న్ అబ్దుల్లా. ధర్మమునకు నాలుకయైనవాడని అర్థమిచ్చు లిసానుద్దీన్ అనునది ఆయన బిరుదు. చరిత్రమునందు ఆయన ఇబ్నుల్ ఖతీబ్ అను పేరుతో ప్రసిద్ధుడు. నిద్రపట్టని వ్యాధి యొకటి ఆయనను జీవితమంతయు బాధించెను. ఆ వ్యాధిని తిట్టుకొనుచు పడకపై దొర్లక, దీపము వెలిగించుకొని కలము పట్టుటచే, ఆయనకు రెండు ఆయువులు గలవాడను మారుపేరు కలిగెను. ఆ రెండింటిలో పగటి ఆయువు ఆయనకేమి తెచ్చెనో, రాత్రి ఆయువు లోకమునకేమి మిగిల్చెనో తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఇబ్నుల్ ఖతీబ్ 1313వ సంవత్సరము నవంబరు నెలలో గ్రనడాకు పడమట నున్న లోహా అను పట్టణమున జన్మించెను. ఆయన పూర్వులు యెమెను దేశపు అరబ్బులు. వారు సిరియా మీదుగా కార్డోవాకును, అటనుండి టొలీడోకును, పిమ్మట లోహాకును వచ్చి స్థిరపడిరి. మసీదులో ధర్మోపన్యాసము చేయువానిని అరబ్బీ భాషలో ఖతీబ్ అందురు. ఆయన ముత్తాతల కాలమున ఆ యింటివాడొకడు లోహాలో అట్టి యుపన్యాసకుడై యుండుటచే వంశమునకు ఆ పేరు నిలిచెను. తండ్రి అబ్దుల్లా గ్రనడా సుల్తాను కొలువున చేరి కుటుంబముతో రాజధానికి తరలివచ్చెను. బాలుడు అచ్చటనే పెరిగి వ్యాకరణము, కావ్యము, ధర్మశాస్త్రము నేర్చెను. యహ్యా ఇబ్న్ హుజైల్ అను విద్వాంసుని యొద్ద వైద్యమును, తత్త్వశాస్త్రమును అభ్యసించెను. ఈ వైద్యవిద్య తరువాత ఎంత యక్కరకు వచ్చెనో మనము ముందు చూతుము.

1340వ సంవత్సరము అక్టోబరు 30వ తేదీన తరీఫా పట్టణమునకు చేరువ నున్న సలాదో నదీతీరమున ఘోర యుద్ధము జరిగెను. గ్రనడా, మొరాకో సుల్తానుల సేనలు ఒక పక్షమునను, కాస్టీలు, పోర్చుగలు రాజుల సేనలు వేరొక పక్షమునను పోరాడగా, ముస్లిముల సేన ఓడిపోయెను. ఆ యుద్ధమున ఇబ్నుల్ ఖతీబ్ తండ్రియు, అన్నయు ఒక్కనాడే మడిసిరి. ఇరువది యాఱేండ్ల యువకునిపై సంసారభారము పడెను. అప్పటి సుల్తాను మొదటి యూసుఫ్. ఆయన ఆ యువకుని చేరదీసి రాయసపు కచేరిలో ఉద్యోగమొసగెను. ఇబ్నుల్ జయ్యాబ్ అను వృద్ధకవి ఆ కచేరికి అధికారి. రాజు తరపున లేఖలు ఎట్లు వ్రాయవలెనో, ఏ మాటలో ఎంత బరువుండవలెనో ఇబ్నుల్ ఖతీబ్ ఆయన యొద్దనే నేర్చుకొనెను.

1348వ సంవత్సరమున ఆసియా ఖండము నుండి బయలుదేరిన మహామారి స్పెయిను తీరమును చేరెను. అది గజ్జలలోను చంకలలోను గడ్డలు లేపి, రక్తము కక్కించి, కొలది దినములలో మనుష్యుని చంపెడి ప్లేగు వ్యాధి. ఊళ్లకు ఊళ్లు పాడుపడెను. టూనిస్ నగరమున ఇబ్న్ ఖల్దూన్ అను బాలుడు తలిదండ్రుల నిరువురను ఆ వ్యాధిచే పోగొట్టుకొనెను. ఆ బాలుడే తరువాత లోకప్రసిద్ధుడైన చరిత్రకారుడయ్యెను. గ్రనడాలో 1349 నాటికి ఇబ్నుల్ జయ్యాబును ఆ వ్యాధియే పొట్టనబెట్టుకొనగా, ఆయన పదవి శిష్యుడైన ఇబ్నుల్ ఖతీబునకు వచ్చెను.

ఆ దినములలో ప్లేగు ఏల వచ్చునో ఎవరికిని తెలియదు. గాలి చెడుటచే వచ్చెనని వైద్యులు కొందరనిరి. గ్రహముల కూటమిచే వచ్చెనని జ్యోతిష్కులనిరి. ఒకరి నుండి మరియొకరికి అంటుట యనునది లేదని చెప్పు పూర్వవచనమొకటి ముస్లిములలో ప్రచారమున నుండెను. దానిని అక్షరార్థముననే గ్రహించిన ధర్మశాస్త్రవేత్తలు పెక్కుమంది అంటువ్యాధి యను మాటనే ఒప్పకుండిరి. దానివలన జనులు రోగుల యొద్దకు జంకులేక పోవుచు, వారి బట్టలు కట్టుకొనుచు, వారితోపాటు మరణించుచుండిరి.

ఇబ్నుల్ ఖతీబ్ ఈ వ్యాధిని గూర్చి చిన్న గ్రంథమొకటి వ్రాసెను. అందులో ఆయన తాను చూచినదియు, నమ్మదగినవారు చెప్పినదియు ప్రోగుచేసి పరిశీలించెను. రోగిని తాకినవాడు రోగియగుచున్నాడు, తాకనివాడు బ్రతుకుచున్నాడు. రోగి బట్టలు, పాత్రలు, చెవిపోగు కూడ వ్యాధిని మోసికొని పోవుచున్నవి. వ్యాధిగల దేశము నుండి ఓడ వచ్చి రేవున ఆగిన పిమ్మటనే ఆ పట్టణమున వ్యాధి పొడచూపుచున్నది. మొరాకోలోని సలే పట్టణమున ఒక భక్తుడు అంటును నమ్మినవాడై, తిండిసామగ్రి సమకూర్చుకొని, పెద్ద కుటుంబముతో ఇంటిలో దాగి తలుపులు మూసికొనెను. పట్టణమెల్ల చచ్చిపోవుచుండగా ఆ యిల్లు సురక్షితముగా నుండెను. సెవిల్లులో చెరసాలయందున్న ముస్లిము ఖైదీలకును, ఎడారిలో గుడారములలో తిరుగు జనులకును వ్యాధి సోకలేదు. ఈ నిదర్శనములను వరుసగా నుంచి, అంటు ఉన్నదనుట అనుభవముచేతను పరిశోధనముచేతను తేలిన సత్యమని ఆయన నిర్ధారణ చేసెను. ప్రత్యక్షముగా కంటికి కనబడునదానితో పూర్వవచనము విరోధించినయెడల, ఆ వచనమునకు వేరు అర్థము వెదకవలెనే గాని కన్నులు మూసికొనరాదని ఆయన ధైర్యముగా వ్రాసెను. అంటు లేదని తీర్పుచెప్పి జనులను మృత్యువు నోటికి పంపువారిని కఠినముగా నిందించెను.

ప్లేగునకు కారణమైన సూక్ష్మజీవిని యెర్సిన్ అను వైద్యుడు హాంకాంగు నగరమున 1894వ సంవత్సరమున కనుగొనెను. ఎలుకల మీది గోమారులవంటి చిన్న పురుగులు దానిని వ్యాపింపజేయుట ఆ తరువాత తెలియవచ్చెను. ఇబ్నుల్ ఖతీబునకు సూక్ష్మదర్శిని లేదు. సూక్ష్మజీవియన్న ఊహయు లేదు. ఆయనకున్నవి కన్నులును, వాటిని నమ్మగల మనస్సును మాత్రమే. ఐదువందల యేండ్లకు పూర్వము ఆ మాత్రముతోనే ఆయన సగము దారి నడచెను. ఆ చిన్న గ్రంథమును 1863లో జర్మను పండితుడొకడు మ్యూనిక్ నగరమున ప్రకటింపగా యూరపు విద్వాంసులు ఆశ్చర్యపడిరి.

1354వ సంవత్సరమున రంజాను ఉపవాసముల తరువాతి పండుగనాడు, సుల్తాను యూసుఫ్ మసీదులో ప్రార్థన చేయుచుండగా ఒక ఉన్మాది ఆయనను పొడిచి చంపెను. ఆయన కుమారుడు ఐదవ ముహమ్మద్ సింహాసనమెక్కెను. ఆ యువరాజునకు మొరాకో సుల్తాను సాయము అవసరమై ఇబ్నుల్ ఖతీబును రాయబారిగా ఫేజు నగరమునకు పంపెను. ఆయన అచ్చటి సభలో నిలువబడి, తాను వచ్చిన పనిని సందేశరూపమున గాక పద్యరూపమున విన్నవించెను. సుల్తాను అబూ ఇనాన్ మిక్కిలి సంతసించి, రాయబారిని కూర్చుండుమని చెప్పుటకు ముందే కోరినదెల్ల ఇచ్చితినని ప్రకటించెనట. సభలో కూర్చుండకమునుపే పని ముగించుకొనిన రాయబారి యని అరబ్బులు ఆ కథను చాలకాలము చెప్పుకొనిరి.

అయినను రాజసేవ యనునది కత్తిమీది సాము. 1359వ సంవత్సరము ఆగస్టు నెలలో ఒక రాత్రి నూరుమంది కుట్రదారులు ఆల్‌హంబ్రా కోటగోడ నెక్కి లోనికి దిగి, ప్రధానియైన రిద్వానును చంపి, సుల్తాను సవతితమ్ముని గద్దెపై కూర్చుండబెట్టిరి. ఐదవ ముహమ్మద్ ప్రాణములతో తప్పించుకొని కొంతకాలమునకు మొరాకో చేరెను. ఇబ్నుల్ ఖతీబు చెరసాల పాలయ్యెను. ఆయన యిండ్లు, తోటలు, ధనము అన్నియు జప్తు చేయబడెను. మొరాకో సుల్తాను మధ్యవర్తిత్వముచే విడుదలై, తన ప్రభువుతోపాటు ఫేజు నగరమునకు వెళ్లెను. అచ్చటి సభలో ఆయన తన రాజు దురవస్థను వర్ణించి సాయము కోరుచు పద్యములు చదువగా సభికులు కన్నీరు విడిచిరి. ఆ సభలో నుండి ఆ దృశ్యమును చూచి వ్రాసినవాడు, టూనిస్ నగరమున తలిదండ్రులను పోగొట్టుకొనిన ఇబ్న్ ఖల్దూనే. అప్పటికి అతడు ఫేజు కొలువున ఉద్యోగి.

పిమ్మట సుమారు రెండేండ్లు ఇబ్నుల్ ఖతీబ్ సముద్రతీరమున నున్న సలే పట్టణమున కాపురముండెను. సమీపమున షెల్లా అను చోట మరీనీ సుల్తానుల సమాధులు కలవు. ఆయన అచ్చటికి పోయి ఏకాంతముగా ధ్యానము చేయుచుండెడివాడు. ఆ ప్రవాసముననే భార్య మరణించెను. పదవి లేదు, ఆస్తి లేదు, స్వదేశము లేదు. పగటి జీవితము ఆగిపోయెను గాని రాత్రి జీవితము ఆగలేదు. తాను తిరిగిన ప్రదేశములను గూర్చి, కలిసికొనిన పండితులను గూర్చి, రాజవంశముల చరిత్రలను గూర్చి ఆయన గ్రంథముపై గ్రంథము వ్రాసెను. మహమ్మదీయ రాజవంశముల చరిత్రను పద్యములలో కూర్చి, దానికి తానే వచనమున వ్యాఖ్య వ్రాసిన గ్రంథమొకటి కలదు. చరిత్రకారుడును కవియు ఆయనలో ఎట్లు ఒక్కటియై యుండిరో దానినిబట్టి తెలిసికొనవచ్చును.

1362వ సంవత్సరమున ఐదవ ముహమ్మద్ తిరిగి గ్రనడా సింహాసనమును పొందెను. ఇబ్నుల్ ఖతీబు వెంటనే పిలువబడి మునుపటి కంటె గొప్ప మంత్రియయ్యెను. కలమునకును కత్తికిని రెంటికి అధికారియని తెలుపు ద్విమంత్రిత్వపు బిరుదు ఆయనకుండెను. గ్రనడా చరిత్రమును గూర్చిన ఆయన మహాగ్రంథము ఇహాతా విస్తరిల్లిన కాలమిదియే. అందులో మొదట నగరము యొక్క నేల, నీరు, గాలి, జనుల రూపము, వేషము, ఆహారము వర్ణింపబడినవి. ఆ జనులు సామాన్యముగా మంచి గోధుమరొట్టె తిందురనియు, బీదలును కూలివారును చలికాలమున జొన్నలు తిందురనియు, ద్రాక్షపండ్లు కోతకు వచ్చినప్పుడు పట్టణవాసులు పిల్లలతో తోటలకు తరలిపోవుదురనియు ఆయన వ్రాసెను. తరువాతి భాగములలో గ్రనడాలో పుట్టినవారును, గ్రనడాకు వచ్చినవారును అగు రాజులు, పండితులు, న్యాయాధిపతులు, కవులు, వైద్యులు మొదలగువారి జీవితములు అక్షరక్రమమున కూర్పబడినవి. ఆ గ్రంథము లేనియెడల ఆ నగరవాసులలో ఎందరి పేర్లో నేడు మనకు తెలియకుండెడివి.

పదవి పెరిగినకొలది పగయు పెరిగెను. ఇబ్న్ ఖల్దూన్ 1362 చివర గ్రనడాకు వచ్చినప్పుడు మంత్రి ఆయనను ఆదరముతో ఎదుర్కొనెను. కాని సుల్తాను ఆ అతిథిని మిక్కిలి మన్నించుట చూచి మంత్రి మనస్సు చల్లబడెను. చాడీలు చెప్పువారు దానికి తోడ్పడిరి. ఇబ్న్ ఖల్దూన్ సంగతి గ్రహించి 1365లో మర్యాదగా సెలవు తీసికొనిపోయెను. అంత విద్వాంసునికిని ఈర్ష్య తప్పలేదనుట విచారకరమే గాని సత్యము.

ఆయన పెంచినవారిలో ఇరువురు ముఖ్యులు. బీద యింట పుట్టిన ఇబ్న్ జమ్రక్ అను యువకుని తెలివిని చూచి, ఆయన విద్య నేర్పి, రాజసభలో ప్రవేశపెట్టెను. అన్నుబాహీ అను పండితుని ప్రధాన న్యాయాధిపతి పదవికి ఎత్తినదియు ఆయన ప్రాపకమే. వీరిరువురే క్రమముగా ఏకై వచ్చి మేకైరి. సుల్తాను చెవిలో తన మీద విషము పోయబడుచున్నదని తెలిసి, 1371వ సంవత్సరమున ఇబ్నుల్ ఖతీబు పడమటి సరిహద్దు కోటలు తనిఖీ చేసెదనను మిషతో బయలుదేరి, జిబ్రాల్టరు చేరి, సముద్రము దాటి మొరాకో సుల్తాను అబ్దుల్ అజీజు శరణు జొచ్చెను.

శత్రువులకు ఇది మంచి అదనయ్యెను. దైవప్రేమను గూర్చి ఆయన వ్రాసిన గ్రంథమున మతవిరుద్ధములైన మాటలున్నవని న్యాయాధిపతి నేరము మోపెను. గ్రనడాలో పండితుల సమక్షమున ఆయన గ్రంథములు తగులబెట్టబడెను. అపరాధిని అప్పగింపుమని గ్రనడా నుండి దూతలు వచ్చిరి. అబ్దుల్ అజీజు వారిని, ఆ దోషము మీకు మొదటినుండి తెలిసియున్నచో ఆయన మీ యొద్దనున్న కాలముననే ఏల శిక్షింపలేదని అడిగి, తన ఆశ్రయముననున్నంతవరకు ఎవరును ఆయనను తాకజాలరని చెప్పి పంపివేసెను.

ఇచ్చట చరిత్రకారుని గూర్చియు ఒక మాట చెప్పవలసియున్నది. ఇబ్నుల్ ఖతీబు ఇహాతాలో ఇబ్న్ జమ్రకును, న్యాయాధిపతిని ప్రశంసించి వ్రాసియుండెను. పగ పుట్టిన పిమ్మట వ్రాసిన వేరొక గ్రంథమున వారినే ఎగతాళి చేయుచు, మారుపేర్లు పెట్టి దూషించెను. ప్లేగు విషయమున కన్ను చూచినదానినే నమ్మవలెనని బోధించినవాడు, మనుష్యుల విషయమున మనస్సు కోరినదానిని వ్రాసెను. మనుష్యులు మారిరో, చూచువాని కన్నే మారెనో, చదువరి రెండు గ్రంథములను ప్రక్కప్రక్కన నుంచుకొని తానే తీర్పు చెప్పుకొనవలెను. ఆయన రెంటినిని మనకు మిగిల్చిపోయెను గనుక అట్టి తీర్పు సాధ్యమైనది.

1372లో అబ్దుల్ అజీజు మరణించెను. పసిబిడ్డడొకడు మొరాకో సుల్తానయ్యెను. బాలుని గద్దె నెక్కించుట తగదని ఆక్షేపించువారికి సమాధానముగా, యౌవనము రాకముందే రాజులైనవారి చరిత్రను ఇబ్నుల్ ఖతీబు వ్రాయ నారంభించెను. అదియే ఆయన కడపటి గ్రంథము. అందులో క్రైస్తవ రాజుల వంశచరిత్రను కూడ చేర్చుట విశేషము. దానికి కావలసిన వృత్తాంతమును టొలీడో నగరపు యూదుడగు యూసుఫ్ ఇబ్న్ వకార్ అను వైద్యుని వలన సంపాదించెను. తండ్రిని, అన్నను చంపిన సేనల రాజుల కథను, వేరొక మతమువాని నోట విని, మరియొక మతపు పాఠకులకై ఆయన వ్రాసియుంచెను.

ఆ గ్రంథము ముగియలేదు. 1374వ సంవత్సరమున గ్రనడా సాయముతో అబుల్ అబ్బాసు అను రాజకుమారుడు ఫేజు నగరమును పట్టుకొనెను. ఇబ్నుల్ ఖతీబు చెరలో వేయబడెను. విచారణకై గ్రనడా నుండి వచ్చినవాడు ఇబ్న్ జమ్రక్. గురువు బంధింపబడి నిలువగా, శిష్యుడు ఆయన వ్రాసిన మాటలనే తెచ్చి నేరములుగా చదివించెను. ఆయనను హింసించిరి. ఇబ్న్ ఖల్దూన్ పాత మనస్తాపమును మరచి ఆయనను విడిపింప ప్రయత్నించెను గాని ఫలింపలేదు. ఒక రాత్రి ఫేజు మంత్రి పంపిన దుండగులు చెరసాలలో చొచ్చి, అరువది యొక్క యేండ్ల ఆ వృద్ధుని గొంతు పిసికి చంపిరి. పూడ్చిన మరునాడు ఆయన శవము గోతినుండి తీయబడి, మంటలో కాలి నల్లబడి కనబడెను. జనులు దానిని మరల పూడ్చిరి. అది మొదలు ఆయనకు రెండు మరణములు గలవాడను మారుపేరు కూడ వచ్చెను. చావునకు ముందు ఆ చెరలోనే, తన మరణమును గూర్చి తానే శోకగీతము వ్రాసికొనెనని ఇబ్న్ ఖల్దూన్ తెలుపుచున్నాడు.

గురువు పదవి నెక్కిన ఇబ్న్ జమ్రకునకు కూడ శాంతి కలుగలేదు. సుమారు 1393లో, వేరొక సుల్తాను ఆజ్ఞచే హంతకులు అతని యింట చొరబడి అతనిని, కుమారులను చంపిరి. ఆల్‌హంబ్రా గోడలపై చెక్కబడిన పద్యములు వ్రాసిన ప్రసిద్ధకవులు ముగ్గురు. ఒకడు ఇబ్నుల్ జయ్యాబ్, రెండవవాడు ఆయన శిష్యుడు ఇబ్నుల్ ఖతీబ్, మూడవవాడు ఈతని శిష్యుడు ఇబ్న్ జమ్రక్. మొదటివానిని వ్యాధి చంపెను. తక్కిన యిరువురను రాజసేవయే చంపెను. 1492 జనవరి 2వ తేదీన ఆ కోటయే కాస్టీలు రాణికిని ఆరగాను రాజునకును అప్పగింపబడెను.

ఇబ్నుల్ ఖతీబు సంపాదించిన యిండ్లును, తోటలును, బిరుదులును నాడే పోయినవి. ఆయన వ్రాసిన సుమారు అరువది గ్రంథములలో కొన్ని నిలిచినవి. పదునేడవ శతాబ్దమున త్లెమ్సెన్ పట్టణపు పండితుడగు అల్ మక్కరీ, ఇబ్నుల్ ఖతీబు జీవితము వ్రాయబూని, తుదకు అందలూసు చరిత్రనంతయు అందులో ఇమిడ్చి మహాగ్రంథము చేసెను. గతించిన సుఖదినములను తలచుకొనుచు ఇబ్నుల్ ఖతీబు వ్రాసిన పాటయొకటి నేటికిని అరబ్బు దేశములలో గాయకుల నోట వినబడుచున్నది.

విద్యార్థులారా, ఆయన తగులబెట్టబడిన పుస్తకములు మనకు దక్కుటకు కారణమొకటే. అవి నిప్పు చేరకముందే చేతినుండి చేతికి ప్రతులై ఇతర పట్టణములకు చేరియుండెను. నిద్రరాని రాత్రిని దీపము ముందు కూర్చుండి సద్వినియోగము చేసినవాని శ్రమను, పగటివేళ అధికారము చేసిన శత్రువులు చెరుపజాలకపోయిరి. పగలు ఆయనను మంత్రిగా నిలిపిన రాజు విడిచెను, శిష్యుడు విడిచెను. రాత్రులు ఆయన వ్రాసిన గ్రనడా నగరము మాత్రము, జొన్నరొట్టె తినెడి కూలివానితోను, ద్రాక్షతోటకు పోవు పిల్లలతోను, నేటికిని చదువువారి యెదుట సజీవముగా నిలిచియున్నది.